సెంగా రావలసిన గురువారం

మసాకా, ఆదివారం

ప్రియమైన సెంగా,

మోకాళ్లూని పలకరించాననుకో. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. అందుకే రాస్తున్నాను.

నడుము కింది మాటలు తల్లి కూతురితో ఎత్తకూడదు, తండ్రి తోబుట్టువైన సెంగాయే చెప్పాలి అంటారు మనవాళ్లు. అమ్మ ఆ పద్ధతి తప్పలేదు. నెల మధ్యలో రక్తం కనబడితే నాకు చెప్పలేదు, ఆడబిడ్డవని నీకు చెప్పింది. గోడకివతల పుస్తకం పట్టుకుని నేను విన్నాను.

"క్లినిక్‌కి పోనా అమ్మాయీ?" అంది.

"మొగుడు పోయినదానివి, అక్కడికెళ్లి పడుకుంటే ఎవడి దగ్గర తెచ్చుకుందో అంటారు వదినా. నా ముంబ్వా ఉండగా నీకేం? కడుపులో ఏనుగున్నా కడిగేస్తుంది" అని నవ్వావు.

మట్టిలో మూలికలు కలిపి చేసిన ఆ కడ్డీని నీళ్లలో అరగదీసి తాగించావు. అమ్మ నమ్మి తాగింది. వాసన మొదలయ్యాకే క్లినిక్‌కి తీసుకెళ్లాం. క్యాన్సర్ గర్భసంచి ముఖం దాటి పాకిపోయిందన్నారు. అమ్మ దక్కలేదు.

పోయిన నెల నేనే వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. నర్సు గర్భసంచి ముఖానికి వెనిగర్ రాసి చూసింది. చెడ్డ చోటు ఉంటే తెల్లబడుతుందట. నాకు లేదు. ఇంత చిన్న పని సెంగా.

పెళ్లికి ముందు మనింట్లో జరిగే నా క్వంజులా వేడుకలో పెళ్లికొడుకును సభకు చూపించాల్సింది నువ్వే. నువ్వు చూపించకపోతే నా పెళ్లి లేదు. గురువారం క్లినిక్‌కి వచ్చి నువ్వూ పరీక్ష చేయించుకో. రాకపోతే నేనే క్వంజులా వద్దంటాను.

నీ మేనకోడలు,
పెర్పెటువా

మసాకా, శుక్రవారం

సెంగా,

నిన్న కొత్త గోమెసీ తొడుక్కుని విందుకు వచ్చినట్టు వచ్చావు. "పోయాక స్నానం పోసేటప్పుడు చూసేదేదో ఇప్పుడే చూడవే తల్లీ" అన్నావు నర్సుతో. వరండాలో ఆడవాళ్లు పడిపడి నవ్వారు.

వెనిగర్ రాశాక నర్సు నవ్వలేదు. తెల్ల మచ్చ తేలింది. "ఇంకా క్యాన్సర్ కాలేదమ్మా, కాకముందే దొరికింది" అని వేడి మొన పెట్టి అక్కడికక్కడే మాడ్చేసింది. మళ్లీ ఏడాదికి రమ్మంది.

బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నావు. "ఇంతేనా పిల్లా?" అన్నావు.

అమ్మ నిన్ను అడిగిందీ ఇంతే.

నువ్వు బతుకుతావు. అబద్ధమెందుకు, సంతోషించాను. సంతోషించినందుకు ఇంటికొచ్చి ఏడ్చాను.

క్వంజులాకు రా. పెళ్లికొడుకును నువ్వే చూపించు. సభలో అమ్మకని పరిచే చాప మీద మాత్రం కూర్చోకు.

పెర్పెటువా