తాళి దగ్గర చిలక

కాడుగోడి,
2003 జూలై

ఇంటర్నెట్ వీడియో గ్రూపులోని పల్లవి మేడం గారికి నాగేంద్ర నమస్కరించి అడుగుతున్నది.

మీరు గ్రూపులో అందరికీ చెప్పే సలహాలు బ్రౌజింగ్ సెంటర్లో కూర్చుని చదువుతుంటాను. నాది పెళ్ళి వీడియోల పని. మీరొక్కరే తెలుగువారు కాబట్టి సిగ్గు విడిచి అడుగుతున్నాను.

జూన్‌లో ఒక శుక్రవారం మా పిన్నమ్మ కూతురు భారతి పెళ్ళి ఇక్కడి చౌల్ట్రీలో, అదే కల్యాణమండపంలో, జరిగితే నేనే తీశాను. ముహూర్తం తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య. సరిగ్గా తాళి కట్టేటప్పుడు నా లైటుకు ఫ్యూజు పోయింది. తాళి ఎత్తి పట్టుకుని అలాగే ఉండమని పెళ్ళికొడుకు అభిషేక్‌తో చెప్పాను. పాపం ఉన్నాడు. పెళ్ళిపీటల దగ్గర పురోహితుడి మాట కంటే వీడియోవాడి మాటే చెల్లుతుందని మీకు తెలియనిదేముంది? లైటు వచ్చాక కట్టాడు.

క్యాసెట్టు ఇచ్చాక బయటపడింది, కింద మూలన టైం అచ్చయిందని. తాళి పడేటప్పుడు పదకొండూ ముక్కాలు! శుక్రవారం ఆ వేళ రాహుకాలం. నా కెమెరా సింగపూర్ నుంచి వచ్చినవాళ్ళ దగ్గర కొన్నది. అందులో ఇంకా సింగపూర్ టైమే నడుస్తూ ఉండింది, మనకంటే రెండున్నర గంటలు ముందు. ఆ మాటే భారతి అత్తగారు సావిత్రమ్మ గారికి చెప్పాను. "ఏదప్పా, కెమెరా చూపించు" అన్నారు. చూపించాను. అందులో మన టైమే ఉంది. భయంతో ఆ పొద్దున్నే నేను దాన్ని సరిచేసేశాను మరి.

పెళ్ళికొచ్చినవాళ్ళను అడిగితే నేను తాళి ఎంతసేపు ఆపించానో తలా ఒక లెక్క చెబుతున్నారు. పైగా క్యాసెట్టు చూసిన మర్నాడే మామగారు వెంకటేశప్ప గారు స్నానం చేస్తూ బచ్చలింట్లో జారిపడ్డారు. భారతి ఆషాఢానికని పుట్టింటికి వచ్చింది. శ్రావణం రాగానే అత్తవారు తీసుకుపోవాలి. మంచి టైంలో తాళి పడిందని తేలేదాకా రామని కబురు పెట్టారు. క్యాసెట్టు బాగుచేసి తెస్తానని వెనక్కి తెచ్చుకున్నాను. ఆ టైం ఎలా చెరపాలి మేడం?

ఇట్లు,
అన్నం సహించని
నాగేంద్ర

తా.క. కెమెరా కొన్నప్పుడు దానితోపాటు ఒక గొడుగు ఉచితంగా ఇచ్చారు. అదొక్కటే బాగా పనిచేస్తోంది.

---

బసవనగుడి

నాగేంద్ర గారికి,

మీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను. ఒక దేశపు పెళ్ళిలో ఇంకో దేశపు కాలం! దయచేసి దాన్ని చెరపకండి. అదే ఆ వీడియోకు ప్రాణం. నాది ఆర్టు వీడియోల పని, మా వంటింటి కొళాయిని మూడు గంటలు కదలకుండా తీశాను. అంత చేసినా కాలం గురించి మీరు చెప్పినంత చెప్పలేకపోయాను.

తప్పదంటే మాత్రం నల్ల పట్టీతో కప్పకండి, చచ్చినట్టుంటుంది. ప్రాణమున్న దానితో కప్పండి.

ఇట్లు,
పల్లవి

తా.క. నా కొళాయి క్యాసెట్టుకు బూజు పట్టింది. ఏం చేయాలి?

---

కాడుగోడి

పల్లవి మేడం గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే చేశాను. టైం మీద తామరపువ్వు పెట్టాను. దానికి ప్రాణం చాలలేదనిపించి పువ్వు మీద, వెనక గోడ దాకా వచ్చేంత పెద్ద చిలకను కూర్చోబెట్టాను. రెక్కలు కూడా ఆడిస్తుంది. కంప్యూటరు మూడుసార్లు ఆగిపోయినా వదల్లేదు.

సావిత్రమ్మ గారింట్లో వేశాం. తాళి పడుతుంటే ఒక్కరూ తాళిని చూడలేదు, అందరూ చిలకనే చూశారు. ఆమె టీవీ దగ్గరికొచ్చి, "ఏమప్పా, ఇంత క్యాసెట్టులో ఇది ఈడికే ఎందుకొచ్చింది? దీన్ని లేపు, కింద ఏముండాదో చూస్తాం" అన్నారు. పెళ్ళికొడుకు పెదనాన్న పెద్దమునియప్ప గారు ఇంకొంచెం ముందుకు పోయి, "ఏముండాదో కాదమ్మా, ఎవురుండారో అడుగు" అన్నారు. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

ఇప్పుడేం చేయమంటారు?

ఇట్లు,
నాగేంద్ర

తా.క. మీ క్యాసెట్టును రెండు రోజులు బియ్యం డబ్బాలో పెట్టండి. తేమ పోయాక మెత్తటి గుడ్డతో తుడవండి. ఆ బియ్యం వండుకోకండి.

---

బసవనగుడి

నాగేంద్ర గారికి,

నేను మాటవరసకు అన్నదానికి మీరు చిలకను తెచ్చిపెట్టారు. తప్పు నాదే. ఆమె అడిగినదాంట్లోనే దారి ఉంది. ఒక్కచోటే ఉంటే అనుమానం, అంతటా ఉంటే అలంకారం. చిలకను క్యాసెట్టు మొత్తం పెట్టండి.

ఇట్లు,
పల్లవి

తా.క. బియ్యం పనిచేసింది. కొళాయి మళ్ళీ కారుతోంది. మా అమ్మ మాత్రం నాతో మాట్లాడటం లేదు.

---

కాడుగోడి,
శ్రావణం వచ్చేసింది

పల్లవక్కకు,

మేడం అనేంత ఓపిక ఇక లేదు, కోపం తెచ్చుకోవద్దు.

చిలకను అంతటా పెట్టాను. భోజనాల దగ్గర అది మా సొన్నమ్మత్త మొహం మీద కూర్చుంది. ఆమె మా ఇంటి గడప తొక్కనని కూర్చుంది. అది చిన్న గొడవ. పెద్దమునియప్ప గారు ఏమన్నారో వినండి: "నేను అప్పుడే చెప్తిని. వాడెవుడో పెండ్లంతా తిరిగినాడు. చిలక యాడుండాదో ఆడ వాడుండాడు." ఎవరో భారతిని ముందు చేసుకుంటానన్నవాడు వచ్చాడట, వాణ్ణి దాచడానికే నేను చిలకను పెట్టానట. టైం సంగతి పోయి ఇప్పుడు మనిషి సంగతి వచ్చింది.

నిన్న భారతి నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నిజం చెప్పు, ఎవురుండిరి ఆడ?" అని అడిగింది. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని దానికి దానిమీదే అనుమానం! భారతి తండ్రి, మా చిన్నాన్న చెన్నయ్య రోజూ తాపీ పట్టుకుని బేల్దారి పనికి పోతూ నా షాపు ముందు ఒక నిమిషం ఆగుతాడు. అంతే, పోతాడు. తిట్టినా బాగుండేది. నా చేతులతో నా చెల్లెలి సంసారం పాడుచేశానక్కా.

అసలు క్యాసెట్టు కొరియర్లో పంపుతున్నాను. ఒకసారి చూడు.

ఇట్లు,
నాగేంద్ర

తా.క. చిలకను కనిపెట్టినవాడెవడో తెలిస్తే అడ్రసు పంపు.

---

బసవనగుడి

నాగేంద్రా,

క్యాసెట్టు మొదటి నుంచి చివరిదాకా చూశాను. చెప్పింది చెప్పినట్టు చెయ్యి. తాళి కట్టేచోట మాత్రం చిలకను ఎగరగొట్టు. తామర అలాగే ఉండనీ. మిగతా పెళ్ళంతా, గోడ కనబడిన ప్రతిచోటా, చిలక కదలకుండా కూర్చోవాలి. సొన్నమ్మత్త మొహం మాత్రం వదిలెయ్యి.

ఎందుకని అడగొద్దు. అడిగితే నువ్వు భయపడతావు, పని చెడుతుంది.

ఇట్లు,
అక్క

తా.క. పెద్దమునియప్ప గారిని టీవీకి దగ్గరగా కూర్చోబెట్టు.

---

కాడుగోడి

పల్లవక్కకు నాగేంద్ర సాష్టాంగపడి రాయునది.

భారతి అత్తవారింటికి పోయింది!

సావిత్రమ్మ గారింట్లో కొత్త క్యాసెట్టు వేశాం. తాళి దగ్గర చిలక ఎగిరిపోయింది. అది లేచినచోట మనిషీ లేడు, మానూ లేదు. చౌల్ట్రీ గోడ గడియారం ఉంది! తొమ్మిదీ పావు! పెద్దమునియప్ప గారు అద్దాలు తుడుచుకుని చూశారు. "ముహూర్తం లోపలే కట్టినాడు కదమ్మా" అని గొణిగారు. ఇన్నాళ్ళూ రుజువు మీద చిలకను కూర్చోబెట్టి నేను ఏడుస్తున్నానన్నమాట. మొదటిసారి చూసినప్పుడు అందరి కళ్ళూ కింద టైం మీదే ఉన్నాయి, పైన గోడను చూసిన నాథుడు లేడు.

సావిత్రమ్మ గారు లేచి టీవీ ఆపారు. చివరికి, "సరే, పోయి పిల్చుకొస్తాం" అన్నారు. అభిషేక్ చెప్పులు వేసుకోవడం కూడా మరిచి ఆటో పిలవడానికి పరుగెత్తాడు. చిన్నాన్న ఇవాళ షాపులోకి వచ్చి కూర్చుని కాఫీ తాగాడు. ఆ కాఫీ చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇట్లు,
బతికిపోయిన
నాగేంద్ర

తా.క. ఉత్తరం ఆపి చౌల్ట్రీలో మరిచిపోయిన వైరు తెచ్చుకోవడానికి పోయాను. అప్పుడు మిట్టమధ్యాహ్నం. గోడ గడియారం తొమ్మిదీ పావే చూపిస్తోంది. అక్కా, అది నడవదు! వెంటనే రాయి.

---

బసవనగుడి

నాగేంద్రా,

నాకు తెలుసు. కదలనివాటిని గంటలు గంటలు చూడటమే కదా నా పని. నీ క్యాసెట్టులో గౌరీపూజప్పుడూ తొమ్మిదీ పావే, భోజనాలప్పుడూ తొమ్మిదీ పావే. అందుకే మిగతా చోట్ల చిలకను కదలనివ్వలేదు.

అసలు తాళి ఎప్పుడు పడిందంటావా? నీ కెమెరా సింగపూర్ లెక్క తీసేస్తే మంచి టైంలోనే. తాళి పడేటప్పుడు వెనక కాడుగోడి స్టేషన్ రైలు కూత కూడా వినబడుతోంది. టైంటేబుల్ చూశాను, ముహూర్తంలోనే. కానీ ఆ రైలు ఆ రోజు సమయానికే వచ్చిందని ప్రమాణం చేసేవాళ్ళు బెంగళూరులో దొరకరు. కాబట్టి నడవని గడియారమే మనకు దిక్కు. నోరు మూసుకుని ఉండు.

ఇట్లు,
అక్క

తా.క. ఆ చౌల్ట్రీవాళ్ళు గడియారం బాగుచేయించకుండా చూసుకో.

---

కాడుగోడి

పల్లవక్కకు,

నోరు మూసుకునే ఉన్నాను. కానీ మొన్న సావిత్రమ్మ గారు ఒంటరిగా రమ్మని కబురంపారు. అయిపోయింది అనుకున్నాను. ఇంట్లో దేవుడికి దండం పెట్టుకుని పోయాను.

భారతి లోపల మామగారి కాలికి తైలం రాస్తోంది. ఆయన చెబుతున్నదేదో విని నవ్వుతోంది. సావిత్రమ్మ గారు నన్ను వెనక వరండాలోకి తీసుకుపోయి, కొంగుచాటు నుంచి ఒక పాత ఫోటో తీశారు. ఆమె పెళ్ళి ఫోటో. అదే చౌల్ట్రీ, అదే గోడ, అదే గడియారం. తొమ్మిదీ పావు.

"మా ముహూర్తం సాయంత్రం కదప్పా" అన్నారు.

నేను వంగి గడియారాన్ని మళ్ళీ చూశాను.

"నీ మొదటి క్యాసెట్టులోనే గడియారం చూస్తిని. అది నడవదని నాకు తెలీదా? ఆయప్ప జారిపడినాడని భయంలో నోరు జారితిని. తేలేదాకా తీసుకురానని ఊరందరి ముందర అంటిని. ఆ తర్వాత అభి ముద్ద నోట్లో పెట్టుకోకుండా లేచిపోతా ఉండె. నా మాట నేనే ఎట్ల వెనక్కి తీసుకునేదప్పా? ఎవురైనా ఒక సాకు తెచ్చిస్తారా అని కాచుకోనుంటే, నువ్వు చిలకల్ని తెస్తావుంటివి!"

ఆ మాటకు నేను నవ్వబోయి ఏడ్చేశాను అక్కా. ఆమె కూడా కళ్ళు తుడుచుకుని, అంతలోనే కసిరారు.

ఇట్లు,
నీ తమ్ముడు
నాగేంద్ర

తా.క. ఆ పాత ఫోటోను నా చేతిలో పెట్టి, "పెద్దమునియప్ప బావ ఎప్పుడైనా చూస్తే కష్టం, దీనికీ ఒక చిలకను పెట్టియ్యప్పా" అన్నారు. రెక్కలు ఆడించాలా అని అడిగాను. వద్దన్నారు.