పిట్ట మీట

మే 6
సమస్త జనులకు తెలియజేయడమేమనగా, హబ్బో అనబడే నేను నేటి నుండి టీలో రెండు కలకండ పలుకులకు మించి వేసుకోను. పళ్లు ఊగుతున్నాయి. ఇంతే సంగతులు.

మే 7
ఓకా మేడమ్ దిగింది. ఆదివారం మా చర్చిలో కచేరీ. ఆవిడ పైమేడ మీద ఆర్గన్ వాయిస్తుంది, ఏ గొట్టాలు పలకాలో ఆ మీటలు పక్కన నిలబడి నేను లాగుతాను. ఆవిడ దగ్గర హడావిడి లేదు. ఒక పెద్ద స్వరం వదిలి, చేతులెత్తి, అది గోడలకు తగిలి చచ్చేదాకా ఆగుతుంది. జనం టికెట్ కొనేది ఆ మౌనం కోసమే. నాకైతే ఆవలింత. గట్టు మీద గొర్రెలకీ నాకూ ఒకటే సంగీతజ్ఞానం.

మే 8, మధ్యాహ్నం
రిహార్సల్. మేమిద్దరమే. ఆవిడ చేతులెత్తి ఆగింది. నా చెయ్యి ఊరుకోలేదు. ఈ ఆర్గన్‌కి తాతల నాటి పిట్ట మీట ఒకటుంది. లాగితే నీళ్లగిన్నెలో గొట్టాలు కిచకిచమంటాయి. అలా లాగి ఇలా తోసేశాను. ఏంటది హబ్బో అంది. నాకేం వినపళ్లేదే మేడమ్ అన్నాను. బుర్ర కూడా గోక్కున్నాను.

మే 9
మళ్లీ చేశాను. ఈసారి ఆవిడ ఏమీ అడగలేదు.

మే 10
టీ దగ్గర చెప్పింది. వాళ్ల నాన్నా ఆర్గనిస్టేనట. లేని కూతలు చెవుల్లో మొదలయ్యాయట, ఏడాది తిరక్కుండా చెవుడట. నాకూ మొదలైంది హబ్బో, ఆదివారంతో ఆఖరు, హాంబర్గ్ కచేరీ కూడా వద్దనేశాను అంది. చెప్పేద్దామని నోరు తెరిచాను. బిస్కెట్ కావాలా అంది. తీసుకున్నాను. కలకండ మూడు పలుకులు వేసింది. తాగాను.

మే 11
ఆవిడ ఇవాళ ఎక్కడా ఆగలేదు. ఒక స్వరం చావకముందే ఇంకోటి. ఖాళీ ఇస్తే పిట్ట కూస్తుందని భయం. పాస్టరు నా చెవిలో, ఈవిడకేమైనా రైలు టైమైందా అన్నాడు. నవ్వు రాలేదు.

మే 12, ఆదివారం
చర్చి నిండింది. అంతా పరుగే. ఆఖర్న ఒకచోట అలవాటు కొద్దీ ఆవిడ చేతులు లేచాయి. పిట్ట మీట పూర్తిగా లాగాను. ఆవిడ నా చేతికేసి చూసేదాకా తోయలేదు. కింద జనం గుసగుసలు. నేనే మేడమ్, అప్పుడూ నేనే, మీ చెవులు బంగారం అన్నాను. ఆవిడ నవ్వింది. తర్వాతి స్వరం వేసి ఆగింది. ఎంతసేపో. నాకు ఆవలింత రాలేదు.

మే 13
పాస్టరు నా దగ్గర తాళాలు తీసేసుకున్నాడు. మళ్లీ మెట్లెక్కావంటే కాళ్లు విరగ్గొడతానన్నాడు. న్యాయమే. మేడమ్ హాంబర్గ్‌కి ఒప్పుకుందట.

మే 14
ఆదివారం ఆవిడ నవ్వలేదు. అది నేను రాసుకున్నది.