తెల్లరంగు వేసిన పెట్టెలు

కూర్మన్నపాలెం

వేరావల్‌లో ఉన్న అన్నయ్య తాతబాబుకి తమ్ముడు సన్నీ నమస్కరించి రాసేది. ఇక్కడ అమ్మా, వదినా, నేనూ కులాసాయే. చేపల బోటు మీద పట్టిన నీ నడుం నొప్పి తగ్గిందని తలుస్తాను. ఫోన్‌లో చెబితే మధ్యలోనే తిడతావు, అందుకే రాస్తున్నాను.

ఫ్యాక్టరీలో నేను నడిపే ప్రెస్సు ఎలాంటిదని అడిగావు. ఏసీ మోటార్లకి రేకులు కొడుతుంది. ఏదో దేశం సరుకు మీద పన్నులు పెరిగాయని అక్కడి ఫ్యాక్టరీ విప్పేసి మన పోర్టులో దింపారు. దాని ముందు నిలబడే చెక్క కూడా దానితోనే వచ్చింది. ఎవడో ఏళ్ళ తరబడి నిలబడి రెండు పాదాల గుంటలు చేశాడు. నేను పక్కకి జరిగి నిలబడినా, కాసేపటికి చూసుకుంటే నా కాళ్ళు అందులోనే ఉంటాయి.

అది ఆగితే మేం ముట్టుకోకూడదు. తెర మీద అంకెలు వాటంతటవే మారతాయి. ఏ దేశంలోనో కూర్చున్నవాడు సరిచేస్తాడట. డ్రాయింగులు చూపించమంటే, "నీకెందుకురా? నొక్కు, సాలు," అన్నాడు సూపర్‌వైజరు. నొక్కడం కోతికైనా వస్తుంది. పేపర్లో మాత్రం దేశం ఎదిగిపోతోందని రాస్తున్నారు.

వదినకి అలమర చేయించమన్నావు. యంత్రాలొచ్చిన పెట్టెలు వెనక షెడ్డులో ఉంటే, స్టోరు చూసే అర్జునరావు గారిని అడిగాను.

"నాలుగు సెక్కలియ్యండి బాబాయ్. ఎలాగూ సెదలు తినేత్తాయి కదా."

"సెదలా? నెలనెలా మందు కొడతన్నాం. ఒక్క మేకు పోయినా నా ఉద్యోగం పోద్ది."

"ఖాళీ పెట్టెలకి అంత సేవేటి?"

"మిషన్లు ఎల్లినప్పుడు మళ్ళీ అయ్యే కావాలరా."

దగ్గరికెళ్ళి చూశాను. ఒక ఊరి పేరు మీద రంగు పూసి ఇంకో ఊరి పేరు, అన్నిటికంటే పైన మన విశాఖపట్నం. లోపల మా ప్రెస్సు ఆకారానికే దిమ్మలు కట్టి ఉన్నాయి. అది అక్కడ లేకపోయినా దాని చోటు దానికి ఉంది.

ఇప్పుడు అసలు మాట. పోయిన సోమవారం నాకు బ్రష్షు ఇచ్చారు. మన ఊరి పేరు మీద తెల్లరంగు వేసింది నేనే అన్నయ్యా. పన్నెండు పెట్టెలకీ వేశాను. ఎందుకని అడగలేదు. ఇన్నాళ్ళూ అందరి మీదా అరిచినవాణ్ణి, ఆ పూట బ్రష్షు కడిగి ఇచ్చేశాను. ఆ తెలుపు మీద ఇంకా ఏ పేరూ రాయలేదు.

మా ఫ్యాక్టరీలో ఉద్యోగానికి నీ దరఖాస్తు ఇచ్చేశానని రాశాను కదా, అబద్ధం. మొదట బద్ధకం, ఆ తర్వాత భయం. సోమవారం ఇంటికొచ్చి చింపేశాను. సేఠ్‌తో బోటు మానేస్తానని చెప్పకు. చెప్పేసి ఉంటే, ఈ కాగితం అందగానే వెళ్ళి మాట వెనక్కి తీసుకో. వదిన నువ్వొచ్చేస్తున్నావని వీధంతా చెప్పుకుంది. ఆవిడ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ మాట నిలబెట్టని తమ్ముడు
సన్నీ