బావ ఇంటి కప్పు

ఏప్రిల్ 12, 1968, శుక్రవారం

ఈ మధ్యాహ్నం ఉద్దానంలో, అక్కని ఇచ్చిన ఊళ్ళోనే, ఒక తాటాకిల్లు అంటుకుంది. మేం ఫైరింజన్ దిగేసరికి మనుషులంతా బయటికొచ్చేశారు. ఇక పక్కింటి కప్పు లాగేసి మంటకి దారి తెంపడమే పని. గాలి సముద్రం వైపు నుంచి కొడుతోంది. పడమటి పక్కిల్లు మా బావది.

కొక్కేలు తెమ్మన్నాను. బావ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మొన్ననే నేయించాను బామ్మర్దీ. నీళ్ళు కొట్టించు, సాలు."

ఇంకెవరైనా అయితే రెక్క పట్టి పక్కకి లాగించేవాణ్ణి. అక్క ముఖం చూసి ఆగానని రాసుకోవచ్చు గానీ, అది అబద్ధం. బావకి ఎదురుచెప్పలేకపోయాను, అంతే. నీళ్ళు కొట్టించాను. ట్యాంకు ఖాళీ అయింది. బావ కప్పు అంటుకుంది, దాన్నించి ఆ పక్కనున్న అప్పలమ్మ ఇల్లూ కాలిపోయింది. బావ వారంలో మళ్ళీ నేయించుకుంటాడు. ఆవిడకి ఎవరూ లేరు.

మేం బయల్దేరుతుంటే ఎవరిదో చెంబు అడిగి తెచ్చి, ఆవిడే మాకు మంచినీళ్ళిచ్చింది.

"నువ్వేటి సేత్తావు బాబూ, గాలి అలగుంది" అంది.

తాగేశాను. రిపోర్టులోనూ గాలి వల్లనే అని రాశాను.

గాలి ఎటు కొడుతోందో ఇంజన్ దిగగానే చూశాను.