క్రేను కింద రాయి ఊగింది

మంగళవారం. అన్నం తిని కూర్చున్నాను.

ఈ రోజు రాళ్ల ఫ్యాక్టరీలో కొత్త క్రేను నా చేతికిచ్చారు. దానికి మూడు మోటార్లు. ముందుకూ వెనక్కూ ఒకటి, పక్కలకు ఒకటి, పైకీ కిందికీ ఒకటి. అన్నిటినీ నడుముకు కట్టుకున్న పెట్టె మీది జాయ్‌స్టిక్కులతోనే నడపాలి.

"రాయి ఊగకుండా కోత రంపం కాడ దించితే క్రేను నీదే, పెద్దాయనా. లేదంటే గేటు కాడ కాపలాకు కుర్చీ ఏస్తా" అన్నాడు ఓనరు.

నల్లరాయి లేచింది. పక్కకు నడిపి ఆపేసరికి ఊగడం మొదలుపెట్టింది.

"ఏం మామా, రాయికి ఉయ్యాల కట్టినావా?" అని మేస్త్రీ మస్తాన్ నవ్వాడు.

గనిలో తాళ్లతో రాళ్లు లేపినవాణ్ణి. రాయి ఎటు ఊగితే తాడు పట్టిన మనిషీ అటే ఒక అడుగు వేయాలి, ఎదురు లాగకూడదు. రాయి కుడికి ఊగినప్పుడు క్రేనును కూడా కుడికే కొంచెం నడిపాను. తాడు నిటారుగా నిలిచింది. రాయి ఊగడం ఆగింది. చప్పుడు కాకుండా దించాను.

"శానా బాగా దించినావు మామా! యాడ నేర్చినావు?" అన్నాడు మస్తాన్.

"గనిలో" అన్నాను. ఓనరు పెట్టె తిరిగి ఇమ్మని అడగలేదు, క్రేను నాకే వదిలాడు.

ఇది రాస్తుంటే వేళ్లు వణుకుతున్నాయి. ఈ మధ్య రోజూ ఇంతే. జాయ్‌స్టిక్ పట్టుకున్నప్పుడు మాత్రం వణకలేదు. ఓనరుకు చెప్పాలేమో...