ఊడ్పించిన చేపలు

తవిటమ్మ గారికి నమస్కారం.

పాతపట్నం రోడ్డులో మీ భర్త సోములు గారి ప్రమాదస్థలాన్ని పోలీసుల కోసం డ్రోన్‌తో ఫొటోలు తీసినవాణ్ణి నేనే. టైరు గుర్తులు స్పష్టంగా పడాలని, ఆయన బుట్టలోంచి చెదిరిన చేపలను ముందుగా ఊడ్పించాను.

"తియ్యకండి బాబూ! లారీవోడు ఎక్కడ గుద్దీసినాడో ఆ సేపలే సెప్తాయి" అన్నారు మీరు. మిమ్మల్ని పక్కకు జరగమన్నాను.

సోములు గారే రోడ్డు మధ్యకు వచ్చారని ఇప్పుడు లారీవారు నా ఫొటోలతోనే వాదిస్తున్నారు. చేపలన్నీ రోడ్డు ఎడమ అంచున పడి ఉండటం నేను కళ్లారా చూశాను. సోమవారం కోర్టులో అదీ చెబుతాను, నా తప్పూ చెబుతాను. ఫొటోలో లేనిదాన్ని నమ్ముతారో లేదో తెలియదు.

మీ ఎదుటికి రావడానికి ముఖం చెల్లక ఈ ఉత్తరం రాస్తున్నాను. మీరు కోర్టుకు తప్పక రండి. ఈసారి మిమ్మల్ని పక్కకు జరగమనను.

ఇట్లు,
ఆనాటి ఫొటోగ్రాఫరు