బర్రెకూ అంతే దెబ్బ

1978 జూలై 10
గూడూరు బడికి వచ్చి నెల కాలేదు, అప్పుడే ఊరంతటికీ తెలిసిపోయాను. పొద్దున సైకిల్ మీద వస్తూ మలుపులో బర్రెకు గుద్దుకున్నాను. నేను బురదలో, చీర కుచ్చెళ్లు చైనులో. బర్రె మాత్రం ఉన్నచోటే, చెవి ఊపుతూ... దాన్ని తోలుకెళ్తున్న పిల్ల పరుగున వచ్చి లేపింది. సరోజన. నా తొమ్మిదో తరగతిలోనే చదువుతోంది.
"బర్రెకేం గాలే టీచర్. మీకే తాకింది."

జూలై 11
పాఠం: మూడో నియమం. చర్యకు ప్రతిచర్య సమానం. గుద్దుకున్న రెండూ ఒకదాన్నొకటి ఒకే బలంతో తోస్తాయని చెప్పాను. సరోజన లేచింది.
"సమానమైతే మీరొక్కరే ఎందుకు పడ్డరు టీచర్?"
క్లాసంతా నవ్వు. నేను చదివింది వృక్షశాస్త్రం, ఇది పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాను. వరండాలో హెడ్మాస్టరు గారు విన్నారు.
"ఈ పాఠాలు లెక్కల సారు చెప్తడు తియ్యమ్మా. ఆ సైకిల్ గూడ బంద్ చెయ్యి."

జూలై 12
నడిచి వెళ్లాను. మోచేయి సలుపు. సమానం... మరి బర్రె?

జూలై 14
సాధించాను.
ల్యాబు పెట్టెలో రెండు స్ప్రింగు త్రాసులు దొరికాయి. కొక్కేనికి కొక్కెం తగిలించి ఒకటి సరోజనకు, ఇంకోటి క్లాసులో అందరికన్నా దిట్టమైన కొమురమ్మకు ఇచ్చాను. గుంజండి. రెంటిలోనూ నాలుగు కిలోలు. కొమురమ్మ బలమంతా పెట్టింది — రెంటిలోనూ ఆరు. పిల్లలు బెంచీలెక్కారు. తర్వాత గోలీని ఇనుప గుండు మీదికి దొర్లించాను. గోలీ ఎగిరి వెనక్కి వచ్చింది, గుండు కదిలీ కదలనట్టు. తోపు రెంటికీ ఒకటే, బరువే వేరు. తేలికైనది ఎక్కువ కదులుతుంది.
"గోలీ మీరు, గుండు మా బర్రె" — సరోజన.
హెడ్మాస్టరు గారు నమ్మలేదు. తామే వచ్చి కొమురమ్మ వైపు త్రాసు పట్టుకున్నారు. లాగారు. రెండు ముళ్లూ ఒకే అంకె మీద.
"అంటే సార్ నన్నెంత గుంజితే నేను గూడ సార్‌ను అంతే గుంజినట్టా టీచర్?" — సరోజన.
ఆయన త్రాసు మళ్లీ గట్టిగా పట్టుకున్నారు. "ఏదీ, జర ఇంకోపారి గుంజు."
వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి — "సైన్సు నువ్వే చెప్పమ్మా."

జూలై 15
సైకిల్ మీదే వెళ్లాను.

జూలై 17
సరోజన మళ్లీ లేచింది. "ఎడ్లు బండిని ఎంత గుంజితే, బండి గూడ ఎడ్లను అంతే ఎనుకకు గుంజుతది గద. మరి బండి ఎట్ల నడుస్తది టీచర్?"
రేపు చెప్తానన్నాను. సాయంత్రం దారిలో ఒక బండి ఎదురైతే సైకిల్ దిగి దాని వెనకే మైలు దూరం నడిచాను. నడుస్తూనే ఉంది బండి...